పొడుపులు పోయిన ఆదివారం

అమీర్‌పేటలో లినక్స్ చెప్పి బతికేవాణ్ణి. ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో మూడో అంతస్తు గది. పొద్దున ఏడింటికి ఒక బ్యాచ్, సాయంత్రం ఆరున్నరకు ఇంకొకటి. 2008లో నేనూ ఇక్కడికి నేర్చుకోవడానికే వచ్చాను. కనిగిరిలో రాత్రి బస్సెక్కి, తెల్లారి మైత్రీవనం ముందు నిలబడి, చేతిలో పెట్టిన కరపత్రాలన్నీ పుచ్చుకుని, సాయంత్రానికి హాస్టల్లో నలుగురి మధ్య ఒక మంచం సంపాదించుకున్నాను. అప్పుడు జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించుకున్న లినక్స్ మెటీరియల్ ఇంకా నా దగ్గర ఉంది, అట్ట ఊడిపోయినా పారేయలేదు.

ఇన్నేళ్ళలో ప్రతి బ్యాచ్‌కీ మూడో వారంలో ఒక సంగతి చెబుతూ వచ్చాను. లినక్స్‌లో ఏ కమాండ్‌కైనా రెండు నోళ్ళుంటాయి. ఒకటో నంబరు నోటితో ఫలితం చెబుతుంది, రెండో నంబరు నోటితో తప్పు చెబుతుంది. ఆ రెండోదాన్ని డెవ్ నల్ అనే అడుగులేని బావిలోకి మళ్ళిస్తే తప్పు జరిగిన సంగతి మీ కంట పడదు. ఎందుకు మళ్ళిస్తున్నారో తెలిస్తేనే మళ్ళించండి అని బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీస్తాను.

అలా గీత గీసిన చేత్తోనే ఇంట్లో ఆ పని చేశాను. మా పెద్దమ్మ తన గొంతుతో చెప్పిన 92 పొడుపు కథలు దానివల్ల పోయాయి. ఎలా పోయాయో ఏమీ దాచుకోకుండా రాస్తాను.

2022లో పెద్దమ్మ నిమ్స్‌లో చూపించుకోవడానికి వచ్చి నాలుగు నెలలు మా ఇంట్లో ఉంది. పంజాగుట్టలో ద్వారకాపురి కాలనీ దగ్గర మా ఇల్లు. ఆస్పత్రికి ఆటోలో పది నిమిషాలు కూడా పట్టదు. వారానికో రోజు ఆస్పత్రి, మిగతా రోజులు ఆమెకు పొద్దుపోయేది కాదు. పొలం, గొడ్డూ గోదా మధ్య తిరిగిన మనిషి బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీకి అంటుకుపోయి కూర్చునేది. సాయంత్రం మా పాప బడి నుంచి వచ్చేసరికి ప్రాణం లేచొచ్చేది. "రా తల్లీ, పొడుపేస్తా, విప్పుదువు" అని పక్కన కూర్చోబెట్టుకునేది.

పొడుపు వెయ్యడంలో ఆమెది ఒక తీరు. వేసి ఊరుకుంటుంది. తొందరపెట్టదు, ఆనవాలు ఇవ్వదు. పాప తప్పు చెబితే "ఊహూఁ" అంటుంది, మళ్ళీ మౌనం. ఆ మౌనంలో గాజుల చప్పుడు, కింద గల్లీలో స్కూటర్లు, గురువారమైతే సాయిబాబా గుడి హారతి గంటలు. చివరికి విడుపు చెబుతుంది. వందసార్లు చెప్పినదైనా అప్పుడే తనకు తట్టినట్టు నవ్వుతుంది. రెండో వారం నుంచి నేను ఫోను పక్కన పెట్టి రికార్డు చేయడం మొదలుపెట్టాను. ఆమె ఊరెళ్ళే నాటికి 163 అయ్యాయి.

వాటికి పేర్లు పెట్టడం రాత్రిపూట నా పని. ముందు వరస సంఖ్య, తర్వాత పొడుపు మొత్తం, అదే ఫైలు పేరు. ఒకరోజు పెద్దమ్మ పక్కన కూర్చుని స్క్రీన్ కేసి చూస్తోంది. ఆరో తరగతి దాకా చదువుకున్న మనిషి, తెలుగు బాగా చదువుతుంది.

"చివర కొక్కెం పెట్టలేదేంది నాయనా?"

"ఏ కొక్కెం పెద్దమ్మా?"

ప్రశ్నార్థకాన్ని గాలిలో వేలితో గీసి చూపించింది. "అది లేకపోతే పొడుపెట్లా అవుద్ది? ఊరికే మాట అవుద్ది గానీ."

నిజమే అనిపించింది. వెనక్కి వెళ్ళి అన్నిటికీ కొక్కెం తగిలించాను. లినక్స్‌కు దాంతో ఏ పేచీ లేదు. ఫైలు పేరులో అది ఒప్పుకోనివి రెండే, స్లాష్ గుర్తు, శూన్య అక్షరం. పేచీ పొడవు దగ్గర వచ్చింది. నా ల్యాప్‌టాప్‌లో ఫైళ్ళు దాచే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఒక పేరుకు 255 బైట్లే చోటు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. యూనికోడ్‌ను యూటీఎఫ్-8లో దాచినప్పుడు తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు కావాలి. మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించే 'స్త్రీ'లో స, త, ర, రెండు పొల్లులు, ఒక గుడి దీర్ఘం కలిపి ఆరు గుర్తులున్నాయి, అంటే 18 బైట్లు. అందుకని పొడవాటి పొడుపులు 80 చిల్లర గుర్తుల దగ్గర ఆగిపోయేవి. వాటి తోక కత్తిరించి, కొక్కెం లేకుండానే దాచాను. పొట్టివి మాత్రం పూర్తిగా, కొక్కెంతో సహా పట్టాయి. ఏది మిగిలింది, ఏది పోయింది అన్నది చివరికి దీన్నిబట్టే తేలింది.

ఇక బ్యాకప్ సంగతి. అమీర్‌పేటలోనే 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొన్నాను. పెట్టెలోంచి తీసేసరికే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది. 2006లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన పద్ధతి అది. విండోస్‌కు సొంతింటిది, మా టీవీకి అర్థమవుతుంది, 2019 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనూ దానికి చోటు దొరికింది. నా భార్య ఆఫీసు ల్యాప్‌టాప్ విండోసే. అందరికీ పనికొస్తుంది కదా అని అలాగే ఉంచేశాను. ఆ పద్ధతిలో ఫైలు ఎవరిది, ఎవరు చదవాలి, ఎవరు మార్చాలి అన్న అనుమతులు నిలవవని నాకు తెలుసు. వేరే ఫైలును చూపించే లింకులు అసలు పట్టవనీ తెలుసు. సీహెచ్‌మోడ్ పాఠం చెప్పిన రోజు ఒక విండోస్ పెన్‌డ్రైవ్ పెట్టి మరీ చూపిస్తాను. డిస్క్‌ను ఈఎక్స్‌టీ4కు మార్చాలి, వచ్చే ఆదివారం చూద్దాం అనుకున్నాను. ఆ ఆదివారం ఏడాదిన్నర దాటినా రాలేదు.

మొదటిసారి ఆర్‌సింక్‌తో కాపీ చేసిన రాత్రి బాగా గుర్తుంది. స్క్రీన్ మీద వరసలు ఆగకుండా పైకి పరిగెత్తాయి. నా పైథాన్ ప్రాజెక్టుల్లో వేల లింకులున్నాయి. ఒక్కొక్కదానికీ 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అని ఒక వరస. కాసేపు చూశాను. తెలిసిన తప్పే, లింకులు పట్టవు, పట్టకపోతే నష్టం లేదు, మళ్ళీ చేసుకోవచ్చు. ఆ వేల వరసల మధ్య ఎక్కడో 'ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్' అని వేరే మాటతో వచ్చిన వరసలు కొన్ని ఉన్నాయి. నేను మొదటి రెండు స్క్రీన్‌లు చదివి మిగతావీ అవేనని నమ్మాను. కొన్ని ఫైళ్ళు వెళ్ళలేదు అని ఆఖర్న 23 అనే సంకేతం ఇచ్చి మరీ ఆగింది ఆర్‌సింక్. చెప్పాల్సిన మర్యాద అది పూర్తిగా పాటించింది.

మర్నాడు ఆ కమాండ్‌ను ఒక స్క్రిప్టుగా రాసుకున్నాను. ప్రతి ఆదివారం రాత్రి నడపాలి, ప్రతిసారీ ఈ రొద ఎందుకు అని చివర 'రెండో నోరు డెవ్ నల్‌కు' అని తగిలించాను. అది రాయడానికి నాలుగు సెకన్లు పట్టి ఉంటుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం స్క్రిప్టు నిశ్శబ్దంగా నడిచింది. రెండు వైపులా మొత్తం పరిమాణం చూసుకునేవాణ్ణి. ఇక్కడా 212 జీబీ, అక్కడా 212 జీబీ. పోయిన 92 రికార్డింగులూ కలిపితే 40 ఎంబీ కూడా లేవు. అంత పెద్ద రాశిలో అవి లేని లోటు కనిపించదు. ఫైళ్ళు ఎన్ని అని ఒక్కసారి లెక్కపెట్టి ఉంటే తెలిసిపోయేది. లెక్కపెట్టే కమాండ్ రెండో వారంలోనే పిల్లలకు నేర్పిస్తాను.

2023 సంక్రాంతికి ఫోను నిండిపోయిందని అందులోంచి రికార్డింగులు తీసేశాను. రెండు చోట్ల ఉన్నాయి కదా అనుకున్నాను. ఆ మాట మనసులో ఎంత నిబ్బరంగా అనుకున్నానో ఇప్పటికీ గుర్తుంది.

2024 ఏప్రిల్ 25న ఉబుంటు లినక్స్ 24.04 విడుదలైంది. కొత్త బ్యాచ్‌కు కొత్తదే చూపించాలని నా ఆత్రం. 28వ తేదీ ఆదివారం మధ్యాహ్నం స్క్రిప్టు ఆఖరిసారి నడిపి, ఇన్‌స్టాలర్ పెట్టి, ల్యాప్‌టాప్ డిస్క్ మొత్తం చెరిపెయ్యి అన్నచోట టిక్కు పెట్టాను. అంతా పోతుంది, సరేనా అని అది అడిగింది. అడిగినప్పుడు నా చెయ్యి ఆగలేదు.

రాత్రి ఎనిమిదింటికి అన్నీ వెనక్కి తెచ్చుకున్నాను. తాళం కట్టి పెట్టుకున్న ఎస్‌ఎస్‌హెచ్ కీతో సర్వర్‌లోకి వెళ్ళబోతే, ఎట్ గుర్తులతో గడి కట్టి, నీ కీ అందరూ చదివేలా ఉంది, దీన్ని వాడను అని తిరగ్గొట్టింది. డిస్క్ మీద అనుమతులు నిలవక, 600గా ఉండాల్సిన ఫైలు 755గా తిరిగొచ్చింది. గిట్‌లో చూస్తే ఒక్క అక్షరం ముట్టుకోని ఫైళ్ళన్నీ మారినట్టు చూపిస్తోంది, అదే కారణం. ఇవి నాకు తెలిసిన జబ్బులు. గంటలో అన్నీ సరిచేసి, లింకులు మళ్ళీ కట్టి, హాయిగా పడుకున్నాను. అనుమతులు పోవడమే ఈ పద్ధతిలో ఉన్న నష్టం, అది సరిచేశాను కాబట్టి పనైపోయింది అనుకున్నాను. నాకు తెలిసిన ప్రమాదం ఒకటుంటే ఇక రెండోది ఉండదని అనుకున్న తెలివితక్కువతనం నాది.

మే నెలలో ఒక సాయంత్రం మెట్రో పిల్లర్ల కింద బండి మీద తాటిముంజెలు అమ్ముతుంటే తీసుకొచ్చాను. పాప వేలితో ముంజె పొడుచుకుని తింటూ, "నాన్నా, నానమ్మ ముంజెల పొడుపు పెట్టవా" అన్నది. ల్యాప్‌టాప్ తెరిచి వెతికాను. రాలేదు. మాట తప్పు టైపు చేశానేమోనని ఫోల్డర్ తెరిచాను. 003, 004, 009, 010, 016. సంఖ్యల మధ్య ఖాళీలు. కిందికి జరుపుతూ పోయాను. మొత్తం 71. పాప "ఏమైంది" అంటోంది. నేను పేర్ల చివర్లు చూస్తున్నాను. ఒక్కదానికీ కొక్కెం లేదు. తోక కత్తిరించినవన్నీ ఉన్నాయి, పూర్తిగా రాసుకున్నది ఒక్కటీ లేదు.

డిస్క్ తగిలించి చూశాను. అక్కడా 71. స్క్రిప్టు తెరిచాను. ఆ వరస చివర నేను రాసిన ముక్క అలాగే ఉంది. ఆ పూట అన్నం తినలేదు.

విండోస్ పద్ధతుల్లో ఫైలు పేరులో వాడకూడని గుర్తులు తొమ్మిది. వాటిలో ప్రశ్నార్థకం ఒకటి. దానికి పాత కారణం ఉంది. సీపీ/ఎం, ఆ తర్వాత డాస్ కాలం నుంచీ ఫైళ్ళను వెతికేటప్పుడు ప్రశ్నార్థకం అంటే 'ఇక్కడ ఏదో ఒక అక్షరం' అని అర్థం. వెతకడానికి వాడే గుర్తును పేరులో వాడనివ్వలేదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఆ పేరుతో ఫైలు రాయబోతే లినక్స్ అది చెల్లదని చెప్పి ఆగిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ అయినా అలాంటి పేరున్న ఫైలును విండోస్ తెరవనివ్వదు. ఇదంతా పుస్తకంలో చదివిందే. నా పెద్దమ్మ పెట్టమన్న కొక్కేనికీ దీనికీ సంబంధం ఉందని రెండేళ్ళలో ఒక్క క్షణం తట్టలేదు.

తిరిగి తెచ్చుకోవడానికి చెయ్యగలిగిందంతా చేశాను. ఫోటోరెక్ అనే సాఫ్ట్‌వేర్ రాత్రంతా నడిపాను. పొద్దున అది వెలికితీసినవి తెరిస్తే అన్నీ కొత్త ఉబుంటు తాలూకు చిన్న చిన్న బొమ్మలు, గంట మోగే శబ్దాలు. నాది ఎస్‌ఎస్‌డీ. కొత్తగా ఫార్మాట్ చేసేటప్పుడు పాత గదులన్నీ ఖాళీ అని లినక్స్ ఆ డ్రైవ్‌కు చెప్పేస్తుంది, డ్రైవ్ వాటిని తుడిచేస్తుంది. పాతకాలం తిరిగే డిస్క్ అయితే అడుగున ఏమైనా మిగిలేది. తెలిసిన రిపేరు షాపతను ఎస్‌ఎస్‌డీ అనగానే, ఫార్మాట్ కూడా చేశారా అని అడిగి, చేతిలోకి తీసుకోకుండానే తల అడ్డంగా ఊపాడు. బంధువులందరికీ ఫోన్లు చేశాను. ఎప్పుడో వాట్సాప్‌లో పంపినవి వాళ్ళ ఫోన్లలో 11 దొరికాయి. పేర్లు పోయి వట్టి అంకెలతో ఉన్నాయి. విని గుర్తుపట్టి మళ్ళీ పేర్లు పెట్టాను.

క్లాసులో చెప్పకుండా ఉండలేకపోయాను. రెండో నోటి పాఠం వచ్చిన రోజు పెన్‌డ్రైవ్ పెట్టి, ప్రశ్నార్థకం ఉన్న పేరుతో ఫైలు చేయబోయి, అది చెల్లదనడం చూపించి, జరిగిందంతా చెప్పాను. గది నిశ్శబ్దమైపోయింది. వెనక బెంచీలో సిద్దిపేట కుర్రాడు లేచాడు.

"ఎర్రర్లు ఎందుకు బంద్ చేసిన్రు సార్?"

"విసుగొచ్చి" అన్నాను. అంతకంటే నా దగ్గర జవాబు లేదు. ఆ కుర్రాడు ఇంకేమీ అనకుండా కూర్చుని నోట్సులో ఏదో రాసుకున్నాడు.

పెద్దమ్మకు చెప్పడానికి మాత్రం పదకొండు రోజులు పట్టింది. రోజూ సాయంత్రం అమీర్‌పేటలో క్లాసు ముగించి, మెట్రో ఒక్క స్టేషనే అయినా ఎక్కకుండా, పంజాగుట్ట దాకా నడుస్తూ ఫోను చేతిలో పట్టుకునేవాణ్ణి. ఇల్లొచ్చేసేది. పన్నెండో రోజు ఇంటి మెట్ల మీద కూర్చుని చేశాను.

"నీ పొడుపులు పోగొట్టాను పెద్దమ్మా. సగం పైన."

"పొడుపులు పోయినయ్యా, నా గొంతు పోయిందా?"

"రెండూ."

కాసేపు మాట్లాడలేదు. పొడుపు వేసి ఊరుకున్నప్పటి మౌనం కాదది, దాని చివర ఏ విడుపూ లేదు. "నాలుగు నెలలు కూసోబెట్టి చెప్పించుకుంటివే నాయనా" అని మాత్రం అన్నది. తర్వాత ఫోను పెట్టేసింది. ఆమె నామీద కోప్పడి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

మూడో రోజు తనే చేసింది. "ఫోను దగ్గర పెట్టుకో, పోయినవి మళ్ళీ చెబుతా. ఏవి పోయినయ్యో చదువు." ఏవి పోయాయో నా దగ్గర లేదు, వాటి వరస సంఖ్యలే ఉన్నాయి. అది చెప్పడం ఇంకా కష్టమైంది. "అయితే నాకు గుర్తొచ్చినకాడికి చెబుతా, నువ్వు చూసుకో" అన్నది.

అప్పటి నుంచి ఆదివారం రాత్రులు ఆ పనికే. దాచే పద్ధతి మార్చాను. ఆ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో కొంత భాగం టీవీకీ మా ఆవిడకూ వదిలి, పెద్ద భాగం ఈఎక్స్‌టీ4కు మార్చాను. విండోస్ వైపు కూడా ఒక ప్రతి ఉంచుతున్నాను, కానీ విడి ఫైళ్ళుగా కాదు. 1979 నాటి యూనిక్స్‌లో టేపుల కోసం పుట్టిన టార్ ఇప్పటికీ ఈ పనికి మంచి మూట. వేల ఫైళ్ళను ఒకే ఫైలుగా కడుతుంది. పేర్లు, కొక్కేలు, అనుమతులు, లింకులు అన్నీ మూట లోపల ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి, బయట ఉన్న డిస్క్‌కు ఒక్క మూట పేరే కనిపిస్తుంది. పాత ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ అయితే ఒక ఫైలు 4 జీబీ దాటనివ్వదు కాబట్టి మూటను ముక్కలు చెయ్యాలి, ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ బాధ లేదు. మూట కట్టాక దాన్ని అసలుతో పోల్చి చూడమని టార్‌నే అడుగుతాను. తర్వాత ఒక ఖాళీ ఫోల్డర్‌లో విప్పి, ఫైళ్ళు లెక్కపెట్టి, మూడు రికార్డింగులు మొదటి నుంచి చివరిదాకా వింటాను. స్క్రిప్టు రెండు నోళ్ళూ తెరిచి మాట్లాడుతుంది. లింకులకు ఇబ్బంది లేని చోట దాచుతున్నాను కనుక ఇప్పుడు అది మాట్లాడితే చదవడానికి ఒకటో రెండో వరసలే ఉంటాయి, అన్నీ చదువుతాను.

పెద్దమ్మ ఇప్పటికి 46 మళ్ళీ చెప్పింది. గొంతు మునుపటంత గట్టిగా లేదు. వెనక గుడి గంటల బదులు వాళ్ళ పెరట్లో కోళ్ళు. పేర్లకు కొక్కేలు తీసేద్దామా అని ఒకసారి అడిగాను, ఆమె ఒప్పుకోలేదు. అలాగే ఉంచాను.

ఇంకా 35 రావాలి. వాటిలో కొన్నిటికి ఆమెకు ఒక వింత చిక్కు వచ్చింది. "విడుపు గుర్తుంది నాయనా, పొడుపే నోటికి రావటంలా" అంటుంది. ఏదో ఒకరోజు వస్తుందేమోనని ఆ విడుపులను ఒక కాగితం మీద రాసుకుని బాల్కనీ తలుపుకు అంటించాను. ప్రస్తుతం అందులో 19 ఉన్నాయి. కవ్వం, జల్లెడ, రోకలి, తేలు, మొగలిపువ్వు, ఉట్టి, ఈతచాప, గుమ్మడికాయ, దూది, అద్దం... పాప రోజూ బడి నుంచి వచ్చి, వాటి ముందు నిలబడి, ఒక్కొక్కదానికీ పొడుపు ఏమై ఉంటుందా అని తనే కట్టుకుంటోంది.